పదిన్నరలోపు బిగించిన కంప్యూటర్

పోయినవారం ధనశేఖర్‌ని ఎక్కడ వదిలిపెట్టామో మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను, గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. తిరుపతి కొర్లగుంటలో పదిహేడేళ్ళుగా కంప్యూటర్లు బిగించి అమ్ముతున్న మనిషి ధనశేఖర్. ఆషాఢమాసం కదా, బేరాల్లేవు. ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాడి ముందుకు వడమాలపేట మునిరామయ్య కూతురు లోకేశ్వరి వచ్చి నిలబడింది. పద్నాలుగు నెలల తర్వాత! "అన్నా, నాకు మళ్ళీ గేమింగ్ కంప్యూటర్ కావాల. తొంబై వేలుండాది. అంతకు మించి రూపాయి లేదు. నువ్వే ప్లాను ఎయ్యి" అంది. బేరం వచ్చిందని సంతోషపడవలసినవాడికి ఆ పిల్ల మొహంలోకి చూడటమే కష్టమయింది. ఎందుకలా అయిందో పోయినవారం నేను చెప్పలేదు. ఈవారం చెప్పక తప్పదు.

"కూర్చోమ్మా" అన్నాడు ధనశేఖర్, కూర్చోవడానికి కుర్చీ జరిపి, ఫ్యాను స్పీడు పెంచి, చెయ్యవలసిన మర్యాదలన్నీ రెండేసిసార్లు చేస్తూ. పిల్ల చిక్కిపోయింది. మెడలో ఫ్యాక్టరీ కార్డు వేలాడుతోంది. సత్యవేడు పక్కన సెల్‌ఫోన్ బోర్డులు తయారుచేసే కంపెనీలో పన్నెండు గంటల డ్యూటీ అట. హాస్టల్లో తిండి నచ్చక ముగ్గురు ఆడపిల్లలు కలిసి ఒక రూము తీసుకున్నారట. ఇరవై రెండేళ్ళ పిల్ల, నలభై ఏళ్ళదానిలా మాట్లాడుతోంది.

"బస్సు యా దారిన వచ్చినాదమ్మా?"

"పుత్తూరు మీదనే. మా ఊర్లో గూడా నిలిపినాడు."

"దిగలా?"

"దిగలా. మామిడికాయల ట్రాక్టరు కాడ నాయన నిలబడుండాడు. బస్సుకల్లా సూసినాడు. నేను తల వంచుకున్నా." ఆ మాట అని, ఇక ఆ సంగతి వద్దన్నట్టు సంచిలోంచి మడతపెట్టిన నోటుబుక్కు కాగితం తీసి బల్లమీద పరిచింది. "ఇది నేనేసుకున్న లెక్క. తప్పులుంటే దిద్దు."

వెనక బల్ల దగ్గర ల్యాప్‌టాప్ విప్పుతున్న గ్రేసీ తలెత్తి చూసి మళ్ళీ వంచుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆ అంగట్లో రిపేర్లన్నీ గ్రేసీవే. స్క్రూడ్రైవర్ పట్టుకుందంటే యజమానికంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. మాట మాత్రం తక్కువ.

ధనశేఖర్ కాగితం చదవసాగాడు. ప్రాసెసర్ పదిహేడు వేలు, బోర్డు పదకొండు, ర్యామ్ పదహారు. "ఏంనా ఈ ర్యామ్ ధర, బంగారం అంగట్లో అమ్ముతా ఉండారా?" అని లోకేశ్వరి నవ్వబోయి నవ్వలేదు. అక్కడిదాకా బాగానే ఉంది. కొంచెం కిందికి వచ్చేసరికి అతని వేలు ఆగిపోయింది. ప్రాసెసర్ వేడిని నీళ్ళతో తగ్గించే వాటర్ కూలర్ పదమూడు వేలు. ఆరు ఫ్యాన్ల పెద్ద క్యాబినెట్ ఏడు వేలు. అట్టడుగున, మిగిలిన దుడ్లతో, పాత గ్రాఫిక్స్ కార్డు పదమూడు వేలు.

గేమింగ్ కంప్యూటర్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. అందులో అసలు పనంతా గ్రాఫిక్స్ కార్డుది. ఉన్న డబ్బులో మూడోవంతు దానికే పోవాలి. బొమ్మ వేగంగా కదలాలన్నా, శత్రువు గోడ చాటు నుంచి బయటకు వచ్చిన క్షణానే కనిపించాలన్నా ఆ కార్డే గతి. ఇంజనుకు పెట్టినంత డబ్బు రేడియేటరుకు పెట్టి బండి కొనేవాణ్ణి ఎక్కడైనా చూశామా? ఈ పిల్ల కాగితం అలా ఉంది.

"ఇదేందమ్మా, కూలర్‌కి పదమూడు వేలా? పదహైదు నూర్లు పెడితే ఈ ప్రాసెసర్‌కి సాలు. క్యాబినెట్ గూడా మూడున్నర వేలకు మంచిది వస్తాది. మిగిలే పదహైదు వేలూ కార్డుకి కలుపు. ఇరవై ఎనిమిది వేలకు కొత్త కార్డు వస్తాది. నువ్వాడే ఆటకి అదిగదా కావాల్సింది?"

"తెలుసన్నా. నాకు తెలీకనా?" అంది లోకేశ్వరి. "కార్డు కొంచెం మందకొడిదైనా నేను సర్దుకుంటా. మధ్యలో ఆగిపోకుండా ఉంటే సాలు. వచ్చే నెల ఇరవైన కంప్యూటర్ ఆటల పోటీలకి చెన్నై టీమోళ్ళు సెలెక్షన్ పెట్టుండారు. ఐదుగురిలో ఒక తావు ఖాళీ ఉండాది. నెల జీతం ఇస్తారు. పోయినతూరి మాదిరి సెమీఫైనల్లో మిషను మూడుసార్లు ఆగిపోతే ఇంగ నన్నెవురు పిలస్తారు సెప్పు?"

"ఆగదమ్మా."

"పోయినతూరీ ఆగదనే కదన్నా బిగించిస్తివి?" ఎత్తిపొడుపు కాదది. మామూలుగా అడిగింది. "నాదే తప్పు. మిద్దెమీద రేకుల రూములో పెట్టుకున్నా, మే నెల ఎండ. వేడికి అది తట్టుకోలేదు. నేను రోజుకు మూడు గంటలే ఆడినా అన్నా, ఆరింటినుంచి తొమ్మిదిదాకా. నాయన చేతిలో చెయ్యేసి సెప్పినా కదా, మాట తప్పలా. నాయన నమ్మలా. రాత్రీ పగలూ ఆడినావు, నాకు అబద్దం సెప్పినావు అన్నాడు. నువ్వు గూడా అట్టనే అన్నావంట."

ధనశేఖర్ చూపు కాగితం మీదికి దించుకున్నాడు.

"నీమీద నాకేం కోపం లేదులే అన్నా. మిషను సూసి నీకు తోచింది సెప్పినావు. నీకేం తెలుసు పాపం."

పాపమట! తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఊరుకోనూ లేడు. ధనశేఖర్ పెన్సిలు తీసుకుని, అవసరం లేకపోయినా, కాగితం మీది అంకెలన్నీ మళ్ళీ కూడటం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆ పాత సంగతి చెప్పేస్తాను. ముందటేడు కార్తీకమాసంలో ఒక శుక్రవారం. ధనశేఖర్ షట్టరెత్తేసరికే మునిరామయ్య టెంకాయ, నిమ్మకాయలు, కర్పూరం పట్టుకుని మెట్లమీద కూర్చునున్నాడు. మామిడి తోట అమ్మకం బాగా పలికిన ఏడు అది. కూతురు ఆట ఆడి ప్రైజులు తెస్తోందని ఊరంతా చెప్పుకునే రోజులు. "పదిన్నరకి రాహుకాలం వస్తాదప్పా. ఆ లోపల మిషనులో లైటు ఎలగాల. పన్నెండు పైన నాకు పుత్తూరులో పనుండాది" అన్నాడు. అలాంటి మిషను ఒద్దికగా బిగించాలంటే రెండు గంటలు పడుతుంది. వేరేవాడైతే కుదరదనేవాడు. ధనశేఖర్‌కి కూడా రాహుకాలం పట్టింపే, ఆ వేళ కొత్త బిల్లు కూడా రాయడు. సరేనని చేతులకు పని చెప్పాడు. ఆ పొద్దు గ్రేసీ సెలవు. ఒక్కడే యాభై నిమిషాల్లో బిగించేశాడు. పది ఇరవైకి మీట నొక్కితే ఎరుపూ నీలమూ లైట్లు వెలిగాయి. మునిరామయ్య చెంపలు వేసుకుని, మిషను గాజు పలకకు గంధం బొట్టు పెట్టి, గుమ్మంలో టెంకాయ కొట్టాడు. లోకేశ్వరి మొహం చూడవలసిందే ఆ రోజు!

ఆ తొందరలో ఒక్క పని మరిచిపోయాడు. కూలర్ అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర ఒకటి అంటించి వస్తుంది. దాన్ని ఒలిచేసి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు రాసి, అప్పుడు కూలర్ కూర్చోబెట్టాలి. పొర ఉంటే వేడి పైకి ఎక్కదు, లోపలే ఉడుకుతుంది. ఈ పనిలోకి దిగిన మొదటివారంలో నేర్పే సంగతి. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా మరవనివాడు ఆ ఒక్క శుక్రవారం మరిచిపోయాడు.

చలికాలమంతా మిషను ఎలాగో నెట్టుకొచ్చింది. మార్చిలో లోకేశ్వరి ఫోన్ చేసి "అన్నా, ఆట మధ్యలో ఆగిపోతా ఉండాది" అంటే, "దుమ్ము పట్టుంటాది, ఊదు" అన్నాడు. ఒక్క అరగంట బండేసుకుని వడమాలపేట పోయి ఉంటే అక్కడితో తీరిపోయేది. పోలేదు. మే నెలలో ఆ సెమీఫైనల్ పోయింది, టీములోని మిగతా నలుగురూ ఆ పిల్లను నానా మాటలూ అని బయటికి పంపేశారు. ఆ మర్నాడు మునిరామయ్య మిషనును దుప్పట్లో చుట్టి బండి వెనక కట్టుకుని అంగడికి తెచ్చాడు.

కూలర్ విప్పగానే పొర కనిపించింది. వేడికి గోధుమరంగు తిరిగి, అంచులు ముడుచుకుని ఉంది. బల్లకు అవతల మునిరామయ్య. వెనక గ్రేసీ. గ్రేసీ చూసింది, మునిరామయ్య చూడలేదు, చూసినా అదేమిటో ఆయనకు తెలియదు. "ఏంటికి ఆగిపోతా ఉండాదప్పా?" అని అడిగాడు. ధనశేఖర్ అరచెయ్యి దానంతటదే పొరమీదికి పోయింది. "వేడి మామా. రాత్రీ పగలూ ఆపకుండా ఆడితే ఏ మిషనైనా ఇంతే" అన్నాడు. అంగడి మాట అది. ఏ వస్తువు చెడినా వాడుకునేవాడిమీదికి తోసేసే మాట. ఆ మాట వల్ల ఒకరి కొంప మునుగుతుందని అనుకోలేదు.

మునిరామయ్య మొహం మాత్రం మాడిపోయింది. "రాత్రీ పగలూనా? మూడు గంటలే ఆడతానని నా చేతిలో చెయ్యేసిందే" అన్నాడు. అబద్ధం ఆడినవాడి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆయన. అదిగో, ఆ క్షణం ఉంది చూశారూ! నోరు తెరిచి "కాదు మామా, పొరపాటు నాది" అనడానికి దేవుడు చేతికిచ్చిన క్షణం. ధనశేఖర్ గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇతనికి తీసుకునే వీలు కూడా దొరికింది, వాడుకోలేదు. పద్నాలుగు నెలలుగా అతన్ని కాల్చుకు తింటున్నది అదే.

"ఈ మిషను నా గడప తొక్కకూడదు, నువ్వే అమ్మెయ్" అని మునిరామయ్య వెళ్ళిపోయాడు. పూతలపట్టు ఫోటో స్టూడియో మునిప్రసాద్‌కి అమ్మాడు ధనశేఖర్. పొర ఒలిచి, పేస్టు రాసి. ఇప్పుడది నిజంగానే రాత్రీ పగలూ పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తోంది, ఒక్కసారి కూడా ఆగలేదు. "ఎట్ట బిగించినావన్నా, గుర్రం మాదిరి పరిగెత్తతా ఉండాది" అని మునిప్రసాద్ ఫోన్ చేసినప్పుడల్లా ఇతనికి అన్నం సయించదు. మునిరామయ్య ఊరుకున్నాడా? "కూతురి సంగతైనా సరే మొగమాటం లేకుండా నిజం సెప్పినాడు ఆయప్ప" అని వడమాలపేట నుంచి ఎంతమందినో ఈ అంగడికి పంపాడు. ఆ పిల్ల ఇల్లు వదిలి సత్యవేడు పోయిందని వాళ్ళలోనే ఎవరో చెప్పారు.

"సార్, ఈ బోర్డు రొంత సూడండి" అంది గ్రేసీ వెనక నుంచి.

ధనశేఖర్ లేచి వెళ్ళాడు. చూడవలసిన బోర్డేమీ లేదక్కడ. గ్రేసీ స్క్రూడ్రైవర్ కింద పెట్టి గొంతు తగ్గించింది. "ఆయమ్మి పదమూడు వేలు నీళ్ళల్లో పోస్తా ఉండాది. మీరు సెప్తారా, నేను సెప్పేదా?"

"అంగడి పేరు పోతాది గ్రేసీ."

"పోనీండి సార్. ఆయమ్మి పేరు పొయ్యి పద్నాలుగు నెలలాయ. నేనూ సూస్తా గమ్మునున్నా, నాకూ పాపముండాది."

అతను మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పాడా అంటే, లేదు. మనిషి బుద్ధి అంత తేలిగ్గా దారికి వస్తుందా! తప్పించుకోవడానికి ఇంకో సందు వెతికాడు.

"అమ్మా, ఒగ పని సేద్దాం. ఆ వాటర్ కూలర్ నా లెక్కలో ఏసుకుంటా. నువ్వు దుడ్లియ్యొద్దు. ఆ పదమూడు వేలూ కార్డుకి కలుపు. ఇరవై ఆరు వేల కార్డు వస్తాది, కూలరూ ఉంటాది. నీ ముచ్చటా తీరతాది."

లోకేశ్వరి అతని మొహంలోకి చూసింది. "ఊరికే ఎందుకిస్తావన్నా?"

"పాత కస్టమరు కదా."

"అదేం మాట? ఈ ఆషాఢంలో బేరాల్లేక కూర్చునుండావు, పదమూడు వేలు ఊరికే ఇస్తానంటావు. నాకొద్దు. మా నాయన కోపిష్టోడైనా, ఒగరి సొమ్ము ఊరికే తినేది మాకు నేర్పలా." కాగితం తనవైపు లాక్కుంది. "నా లెక్క ప్రకారమే ఎయ్యి. పాత కార్డు సాలు నాకు. ఓడిపోతే నా సేతగానితనం వల్ల ఓడిపోతా. మిషను ఆగిపొయ్యి ఓడిపోతే తట్టుకోలేను. ఇంగోసారి నావల్ల కాదు."

ధనశేఖర్ ఆ కాగితం మీద చెయ్యి వేశాడు. "ఈ కూలర్ నీకొద్దమ్మా" అన్నాడు. "రేకుల రూము వల్ల కాదు. ఎండ వల్ల కాదు. నీ వల్ల కాదు. ఆ మిషను ఆగిపోయింది నావల్ల."

లోకేశ్వరికి వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. శుక్రవారం, రాహుకాలం, తొందర, పొర. దాచిపెట్టకుండా చెప్పాడు, మధ్యలో "మీ నాయన తొందరపెట్టినాడు" అని ఒక మాట జారబోతే దాన్ని మాత్రం వెనక్కి లాక్కున్నాడు. ఆయన తొందరపెడితే మాత్రం, చెయ్యి తనది కదా! పూతలపట్టు స్టూడియోలో ఆ మిషను నేటికీ నిక్షేపంలా నడుస్తోందని కూడా చెప్పేశాడు. చెప్పడం అయిపోయాక ఫ్యాను గాలికి కాగితం రెపరెపలాడుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు.

"ఒగటి అడుగుతా, నిజం సెప్పు" అంది. "ఆ పొర నువ్వెప్పుడు సూసినావు? నాయన పొయ్యినాకనా, నాయన ఉండంగానేనా?"

అబద్ధం చెప్పడానికి ఇంకా ఒక చిన్న చోటు మిగిలి ఉంది. ఆయన పోయాకే చూశానంటే తప్పు సగానికి సగం తగ్గిపోతుంది. వెనక గ్రేసీ పని ఆపేసింది.

"ఉండంగానే" అన్నాడు ధనశేఖర్. "సూసినాకనే ఆ మాట అన్నా."

"సూసినాకనే" అని ఆ పిల్ల మెల్లగా తనలో తాను అనుకుంది. ఆ తర్వాత కళ్ళు నిండాయి. "ఇన్ని దినాలూ నేను నా మీదనే అనుమానపడినానన్నా. ఏమో, ఒగ పొద్దు మూడు గంటలు దాటినానేమో, నాకు గుర్తులేదేమో అని. నేను అబద్దాలకోరునేమో అని నాకే అనిపించేసింది. అమ్మ గూడా ఫోన్లో ఒప్పుకోరాదా అంటాది. సెయ్యనిది ఏమని ఒప్పుకొనేది?"

"నన్ను ఎన్నైనా అనమ్మా."

"నిన్నని నాకేమొస్తాది?" కళ్ళు తుడుచుకుని సెల్ తీసింది. "నాకు సెప్పినావు, సాల్దు. నాయనకు సెప్పు."

పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల తండ్రికి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. స్పీకరు పెట్టి బల్లమీద పెట్టింది. రెండో మోతకే ఎత్తాడు. ట్రాక్టర్ల రొద, కాయలు దించేవాళ్ళ కేకలు.

"లోకా?" ఆ పిలుపులో ఆత్రం వినలేక ధనశేఖర్ తల దించుకున్నాడు. "లోకా, నువ్వేనా తల్లీ? బాగుండావా?"

"బాగుండా నాయనా. ధనశేఖరన్న అంగట్లో ఉండా. ఆయన నీకొగ మాట సెప్పాలంట."

"ఆయప్ప కాడికి పొయ్యినావా! మంచి పని సేసినావు. ఆయప్ప మంచీ చెడ్డా తెలిసినోడు, నీకు బుద్ధి సెప్పుంటాడు. సూడు తల్లీ, తప్పయిపోయింది నాయనా అని ఒగ మాట అను, సాలు. ఇంగేమీ అడగను. అబద్దమాడినావన్న సంగతే మరిసిపోతా. ఇంటికొచ్చెయ్."

లోకేశ్వరి పెదవి కొరుక్కుని సెల్‌ను ధనశేఖర్ ముందుకు తోసింది.

"మామా, నేను" అన్నాడతను.

"సెప్పప్పా. నా మాటంటే ఆ బిడ్డకు లెక్కలేదు, నీ మాటైతే ఇంటాది. ఆ పొద్దు నాకు సెప్పింది ఆయమ్మి ముందర ఇంగొగ తూరి సెప్పు. సెప్పి, బస్సెక్కించి పంపు, నీకు పున్నెముంటాది."

ధనశేఖర్ సెల్ దగ్గరికి లాక్కున్నాడు. అంగట్లో ముగ్గురున్నారు, ముగ్గురికీ నిజం తెలుసు. తెలియనివాడు ఒక్కడే, అటువైపు చెవి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. రాయి ఎత్తినంత కష్టంగా మొదటి మాట బయటికి వచ్చింది.

"ఆ పొద్దు నేను సెప్పింది అబద్దం మామా. పాప ఎక్కువ ఆడలా. నీకిచ్చిన మాట తప్పలా. మిషను తప్పుగా బిగించింది నేను. విప్పినప్పుడు నా తప్పు నాకు కనిపించింది. నువ్వెదురుగా ఉంటివి, సిగ్గుపడి ఆ బిడ్డమీద తోసేసినా. క్షమించమని అడిగే మొగం గూడా నాకు లేదు."

అవతల ట్రాక్టరు ఎవరో ముందుకు తియ్యమని అరుస్తున్నారు. ఫోన్ కట్టయిందేమోనని ధనశేఖర్ వంగి చూశాడు. కాలేదు.

"అట్టయితే" అని వినిపించింది చివరికి, గుర్తుపట్టలేనంత చిన్నగా. "అట్టయితే ఆ పొద్దు నేను కొట్టింది దేనికి?"

ధనశేఖర్ ఉలిక్కిపడి లోకేశ్వరివైపు చూశాడు. ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది.

"వాకిట్లో, అందురూ సూస్తా ఉండంగా కొట్టినానే. అబద్దం సెప్పలేదు నాయనా, సెప్పలేదు నాయనా అంటా ఉంటే, ఆ మాటకే ఇంగా కొట్టినానే. నా బిడ్డ నిజం సెప్తా ఉంటే కొట్టినాను కదరా ధనశేఖరా!"

పద్నాలుగు నెలలుగా ధనశేఖర్ తన అబద్ధం బరువెంతో తనకు తెలుసుననుకున్నాడు. ఒక ఆట పోయింది, తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు, అంతవరకే లెక్కపెట్టుకుని కుమిలాడు. తన మాట ఒక ఆడపిల్ల ఒంటిమీద వాతలుగా తేలిందని ఇప్పుడే తెలిసింది. పొర కనిపించిన క్షణాన చెప్పి ఉంటే, కొత్త కూలర్ ఇచ్చినా పదిహేను వందల నష్టం, నాలుగు మాటల నామోషీ. అంతే కదా, అంతకు మించి ఏముంది!

"నేనొస్తా ఉండా" అన్నాడు మునిరామయ్య. "కాయలు ఈడనే ఇడిసిపెట్టి వస్తా ఉండా. పాపను యాడికీ పోనీబాక. నీ కాళ్ళు పట్టుకుంటా, పోనీబాక." ఫోన్ కట్టయింది.

లోకేశ్వరి అప్పటికే డబ్బు కవరు సంచిలో పెట్టుకుని లేచి నిలబడింది.

"అరగంట కూర్చోమ్మా" అన్నాడు ధనశేఖర్. "మీ నాయన వచ్చేస్తాడు."

"కొట్టినాడని నేనెవురికీ సెప్పలేదన్నా. నా రూములో పిల్లోళ్ళకు గూడా తెలీదు. ఆయన్ను ఎవురూ ఒగ మాట అనకూడదని సెప్పలా." సంచి జిప్పు పట్టక రెండుసార్లు లాగింది. "ఆయన వచ్చి ఈడ నా ముందర ఏడిస్తే నేనేం సెయ్యాల? ఇన్ని దినాలు కోపం పట్టుకుని బతికినా. అదే నన్ను నిలబెట్టింది. ఇప్పుడది లేకుండా సేసేస్తివి."

గ్రేసీ లేచి వచ్చి "కూసో లోకేశ్వరీ, మంచినీళ్ళన్నా తాగిపో" అంది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి గుమ్మం దాకా వెళ్ళింది. ధనశేఖర్ బల్ల చుట్టూ తిరిగి అడ్డంగా నిలబడ్డాడు గానీ, ఆపే హక్కు తనకెక్కడిదని తోచి, ఒక అడుగు పక్కకు వేశాడు.

లోకేశ్వరి మెట్టుమీద ఆగి వెనక్కి చూసింది.

"నిజం సెప్పేదానికి నీకు పద్నాలుగు నెలలు కావాల్సొచ్చింది. నాకు అరగంట ఎట్ట సాలుతాదన్నా?"

మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది. ధనశేఖర్ గడియారం చూశాడు. అవతల వడమాలపేటలో మునిరామయ్య బండి తీసి ఉంటాడు.